నడిసముద్రంలో పొగ

ఆ ఓడలో మాకు దొరికింది కిటికీ లేని గది. చవగ్గా వస్తోందని తీసుకున్నాం. ప్రయాణికుల గదులున్న అంతస్తుల్లో మాదే అన్నిటికన్నా కిందిది. మంచానికి ఎదురుగా గోడకు నీలం రంగు కర్టెన్ వేలాడుతుంటే, ఎక్కిన రోజు సంబరంగా పక్కకు లాగాను. వెనక గోడే ఉంది. కిటికీ ఉన్నట్టు అనిపించడానికి కట్టారన్నమాట. మా ఆయన పడీ పడీ నవ్వాడు.

"గదిలో కూర్చోడానికి వచ్చామా ఏంటి? పడుకోడానికేగా. పైన డెక్ మీద అంతా సముద్రమే, ఎంత కావాలంటే అంత చూసుకో" అన్నాడు.

రెండువేల సంవత్సరం అప్పుడే మొదలైంది. అంతకు ముందు నేను సిడ్నీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో, నా కన్నా వయసులో పెద్దవైన కోబాల్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిదిద్దే పని చేసేదాన్ని. ఎప్పటివాళ్ళో సంవత్సరానికి రెండంకెలే రాసి పెట్టారు. కొత్త ఏడాది రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడి బ్యాంకులు మూతబడతాయని, విమానాలు కూలతాయని పేపర్లు రాశాయి. ఆ భయమే మాలాంటి వాళ్ళను గుంటూరు నుంచీ, హైదరాబాదు నుంచీ మూటగట్టి తెచ్చి ఇక్కడ పోసింది. తీరా జనవరి వచ్చింది, ఏమీ కూలలేదు. మేనేజర్ కేకు కోయించి, అందరితో చేతులు కలిపి, "గ్రేట్ జాబ్" అన్నాడు. ఆ మాటకు అసలు అర్థం మాకందరికీ తెలుసు. పని అయిపోయింది. నా వీసా ఆ కంపెనీతో ముడిపడి ఉంది. కొత్త పని దొరకకపోతే సామాన్లు సర్దుకోవాలి. వెబ్‌సైట్లు కట్టే ఒక కుర్ర కంపెనీలో మా ఆయన ఉద్యోగం. వాళ్ళ ఆఫీసులో పూల్ టేబుల్ ఉండేది గానీ, జీతం వచ్చే నెల వస్తుందో రాదో ఎవరికీ తెలిసేది కాదు.

"ఎలాగూ వెళ్ళిపోవాల్సొస్తే, ఈ సముద్రం ఒకసారి చూసి పోదాం" అన్నాడు ఒక శనివారం, సిడ్నీ శివారు పారమట్టాలో ట్రావెల్ ఏజెంటు అద్దం ముందు నిలబడి. పసిఫిక్ దీవులు చుట్టి వచ్చే ఓడ బొమ్మ అతికించి ఉందక్కడ. అలా ఎక్కాం.

మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు నుంచి నాకు కడుపులో తిప్పడం మొదలైంది. నరసరావుపేట పిల్లను, సముద్రమంటే ఎండాకాలం సెలవుల్లో సూర్యలంక వెళ్ళి కాళ్ళు తడుపుకొని రావడమే తెలిసినదాన్ని. తల ఎత్తితే గది తిరిగేది. ఆ మధ్యాహ్నం కూడా మంచం మీద అలా పడి ఉన్నాను. మా ఆయన కాసేపు పక్కన కూర్చుని, నిమ్మకాయ ముక్క నా చేతికిచ్చి, "గాలి పీల్చుకొని వస్తా, వచ్చేప్పుడు అల్లం టీ అడిగి తెస్తా" అని పైకి వెళ్ళాడు.

నేను మగతలో ఉండగా ఓడ ఆగింది. చప్పుడుకు కాదు, చప్పుడు పోయినందుకు మెలకువ వచ్చింది. ఎక్కినప్పటి నుంచీ మంచం కింద, గోడల్లో, మంచినీళ్ళ గ్లాసులో సన్నగా వణుకు ఉండేది. అది ఒక్కసారిగా పోయింది. తర్వాత దీపాలు ఆరిపోయి, తలుపు దగ్గర చిన్న లైటు ఒక్కటి వెలిగింది. ఆ వెంటనే పొట్టి పొట్టి కూతలు కొన్ని, వాటి వెనక ఒక పొడుగు కూత. ఎక్కిన రోజు అందరినీ డెక్ మీద నిలబెట్టి ఆ కూత నేర్పారు. అది వినబడితే లైఫ్ జాకెట్ తీసుకొని పైకి రావాలి.

అలమరలోంచి జాకెట్ లాక్కొని తలుపు తీశాను. నడవా నిండా పొగ. నేల దగ్గర పలచగా, నడుము నుంచి పైకి నల్లగా. కాలిన ప్లాస్టిక్కూ డీజిలూ కలిసిన వాసన. మెట్లు కుడివైపని గుర్తుంది. కుడివైపే నడిచాను. ఎప్పుడూ తెరిచి ఉండే చోట ఒక ఇనప తలుపు మూసుకొని ఉంది. మంటలు పాకకుండా అలాంటి తలుపులు వాటంతటవే మూసుకుంటాయని తర్వాత తెలిసింది. తోశాను. కదల్లేదు. దానికి పిడి ఎక్కడుందో పొగలో కనపడలేదు. దగ్గు మొదలైంది. కళ్ళు మండి మూసుకుపోయాయి. వెనక్కి తిరిగి గోడ తడుముకుంటూ వస్తుంటే మా గది ఏదో తెలియలేదు. తలుపులన్నీ ఒక్కలాగే తగిలాయి.

అప్పుడు ఒక తలుపు తెరుచుకుంది. ఒక చెయ్యి నా మోచెయ్యి పట్టి లోపలికి లాగింది. తలుపు మూసుకుంది.

"ఏటమ్మా, అటెక్కడికి పోతావు? దొడ్డికెదురు పోయే మేకలాగ!"

తెలుగు! దగ్గుతూ కళ్ళు తుడుచుకొని చూశాను. అరవై ఏళ్ళు దాటిన మనిషి. పూల గౌను, పైన స్వెట్టర్, చేతిలో ఊతకర్ర. మా గదికి ఎదురు గదిలో ఆవిడ ఉన్నారని తెలుసు. తలుపు దగ్గర ఎదురుపడితే నవ్వేవారు, "హలో" అనేవారు. అంతే.

"మీకు తెలుగు వచ్చా ఆంటీ?"

"మీరిద్దరూ నడవాలో తగువులాడుకుంటుంటే అర్థమైంది నాకు" అన్నారావిడ. "సెప్దామనుకున్నా. నా తెలుగు ఇంటే నవ్వుతారని సెప్పలేదు."

ఆవిడది ఫిజీ. తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలో తీసుకెళ్ళిన వాళ్ళ సంతతి. ఎనభై ఏడులో అక్కడ సైన్యం అధికారం పట్టుకున్నాక, భర్తతో, కొడుకుతో సిడ్నీ వచ్చేసి అక్కడి లివర్‌పూల్ అనే పేటలో స్థిరపడ్డారు. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆవిడ మాటలు వినే తీరికే లేదు. తలుపు కింది సందులోంచి పొగ పాములా లోపలికి పాకుతోంది.

"తడిగుడ్డ పెట్టాల" అన్నారు.

బాత్‌రూమ్‌లో నీళ్ళు ఇంకా వస్తున్నాయి. తువ్వాళ్ళు తడిపి సందులో కుక్కాను. నీళ్ళు ఆగిపోతాయేమోనని సింకు మూతపెట్టి నింపాను, చెత్తబుట్ట నింపాను, ఆవిడ ఫ్లాస్కు మూత కూడా నింపాను. గోడకున్న టెలిఫోన్ ఎత్తితే అదృష్టం, పనిచేసింది. అవతల ఒక ఆడపిల్ల గొంతు. ఎంత ప్రశాంతంగా మాట్లాడిందంటే, ఆ ప్రశాంతతకే నాకు భయమేసింది. గది నంబరు అడిగింది. ఎంతమంది అని అడిగింది.

"ఇద్దరం. ఆంటీకి మోకాళ్ళు బాలేవు, మెట్లు ఎక్కలేరు" అన్నాను ఇంగ్లీషులో.

తలుపు తీయొద్దంది. మనుషులు వస్తారు, అక్కడే ఉండండి అంది. మా ఆయన పైన ఉన్నాడు, ఆయనకు చెప్పండి అంటుండగానే ఫోన్ మూగబోయింది. మళ్ళీ ఎత్తితే శబ్దమే లేదు.

అక్కడే ఉండండి. ఆ మాట ఎంత సులువు! ఆ గది మా గదికి అద్దంలో బొమ్మలా ఉంది. అదే మంచం, అదే అలమర, గోడకు అదే నీలం కర్టెన్. వెనక ఏమీ లేదని తెలిసి కూడా ఒకసారి లాగి చూశాను. నా చేయి నా మాట వినలేదు.

ఎంజిన్లు ఆగిన ఓడ అలలకు అడ్డం తిరుగుతుందట. మెల్లగా ఒకవైపు ఒరిగేది, అలాగే ఆగేది, ఇక లేవదేమో అనిపించేది, అప్పుడు మరోవైపు ఒరిగేది. ఒరిగినప్పుడల్లా అలమర సొరుగులు బయటికొచ్చేవి, తిరిగి టక్కున మూసుకునేవి. ఎవరో కనపడని మనిషి గది సోదా చేస్తున్నట్టు ఉండేది. నా వాంతులు మాత్రం ఎటు పోయాయో పోయాయి. భయం వాటిని కూడా మింగేసింది.

కాసేపటికి పొగ మళ్ళీ వాసన వేసింది. తలుపు నుంచి కాదు. పైకప్పులో గాలి వచ్చే జల్లెడ నుంచి. నేను కుర్చీ మంచం మీదకెక్కించి, దాని మీద నిలబడి, ఓడ ఒరిగినప్పుడల్లా గోడ పట్టుకుంటూ, చేతికందిందల్లా అందులోకి కుక్కాను. దిండు గలేబు చాల్లేదు. చివరికి ఆ నీలం కర్టెన్ పీకి, తడిపి, మడతలు పెట్టి దూర్చాను. ఆంటీ కింద నుంచి ఊతకర్రతో నన్ను నడుము దగ్గర ఆనించి పట్టుకున్నారు. దిగేసరికి గాలి వచ్చే దారి కూడా మూసేశామని అర్థమైంది. ఇక ఈ గదిలో ఉన్న గాలే మాకు.

"అమ్మీ, నువ్వు కుర్రదానివి" అన్నారు ఆంటీ, మంచం అంచున కూర్చుంటూ. "తడి దుప్పటి కప్పుకొని నేల మీద పాక్కుంటూ పో. ఎడమవైపు ఇంకో మెట్లున్నాయి. నాను ఎక్కలేను. నువ్వు పో."

"మిమ్మల్ని వదిలేసి ఎలా పోతాను ఆంటీ?"

"పైకెళ్ళి సెప్పు, ఇక్కడొక ముసల్దుందని. అదే సాయం."

ఆ మాటలో న్యాయం ఉంది. దుప్పటి తడిపి కప్పుకున్నాను. తలుపు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. కొంచెం తీశానో లేదో, నల్లటి వేడి గాలి ముఖాన కొట్టింది. ఇందాక నేల దగ్గర పలచగా ఉన్న పొగ ఇప్పుడు నేల దాకా ముద్దలా ఉంది. నడవాలో దారి చూపే చిన్న లైట్లు కూడా కనపడలేదు. తలుపు మూసి, దానికి వీపు ఆనించి కూర్చుండిపోయాను. తువ్వాళ్ళు మళ్ళీ సందులో కుక్కాను.

"కుదరదు ఆంటీ."

ఆవిడ ఊతకర్ర మంచానికి ఆనించారు. తర్వాత, "మంచిదేలే" అన్నారు. "ఒక్కదాన్నే ఉంటే బయమేసేది."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

నేల మీద గాలి కాస్త మెరుగని ఇద్దరం కింద కూర్చున్నాం. ఆవిడ మోకాలు మడవలేక కాలు బారజాపుకొని, వీపు మంచానికి ఆనించారు. జాకెట్లు తొడుక్కున్నాం. వాటికి ఈలలు కట్టి ఉన్నాయి. నేను ఈల ఊదడం, ఆవిడ ఊతకర్రతో గోడ మీద కొట్టడం, తర్వాత ఇద్దరం ఊపిరి బిగబట్టి వినడం. ఎవరూ పలకలేదు. ఎక్కడో ఇనుము మూలిగినట్టు చప్పుడు. బాత్‌రూమ్ వైపు గోడ క్రమంగా వేడెక్కుతోంది. చెయ్యి పెట్టి చూడ్డం, తీసేయడం, మళ్ళీ పెట్టడం. ఒకసారి ఆవిడ నా చెయ్యి పట్టుకొని కిందికి దించి తన ఒళ్ళో పెట్టుకున్నారు.

"సూడొద్దు. సూత్తే సల్లబడదు" అన్నారు.

నేను మనసులో అనుకుంటున్నది పెదవుల మీదకు వచ్చేసింది కాబోలు. "ఏటి సదువుతున్నావు?" అని అడిగారు.

"కలిమా ఆంటీ. మేం ముస్లిములం. దూదేకుల వాళ్ళం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, దేవుడితో మాత్రం అరబ్బీ."

"నాను మారెమ్మను పిలుత్తున్నా. నీ దేవుణ్ణి నువ్వు పిలు, నా అమ్మను నాను పిలుత్తా. ఎవులకి దగ్గరయితే ఆలు వత్తారు."

ఆవిడ సంచిలో భుజియా డబ్బా ఉంది. ఫిజీ వాళ్ళు చేసే కారప్పూస, బఠానీలు, పల్లీలు కలిపింది. మూత తీసి నా ముందు పెట్టారు. అలాంటప్పుడు ఎవరైనా తింటారా అనిపిస్తుంది. తిన్నాం. నోరు ఎండి మింగుడు పడకపోయినా, ఫ్లాస్కు మూతలోని నీళ్ళతో తడుపుకుంటూ తిన్నాం. నమలడం అనే పని ఒకటి దొరికింది గదా అనిపించింది.

అప్పుడే చెప్పారు, ఈ ఓడ ఎందుకెక్కారో. ఇంకో రెండు మజిలీల తర్వాత ఓడ ఫిజీలో ఆగుతుంది. ఎనభై ఏడులో వచ్చేసినప్పుడు మళ్ళీ ఆ గడ్డ తొక్కనని ఒట్టు పెట్టుకున్నారట. సైనికులు రోడ్ల మీద తిరిగిన ఆ రోజుల్లో, పొలం పక్క ఇంట్లో తలుపులు బిగించుకొని, పిల్లాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నారట. భర్త మాత్రం చివరిదాకా ఆ ఇల్లే కలవరించాడు. కిందటేడు పోయాడు.

"ఆయన సూడలేదు, నానైనా సూద్దామని. కొడుకు ఇమానంలో పొమ్మన్నాడు. నాకు ఇమానం బయం." ఆగి అన్నారు. "అప్పుడూ ఇలాగే కూకున్నాం. ఎవులొచ్చి తలుపు కొడతారో అని బయపడతా. ఇప్పుడు ఎవులూ కొట్టట్లేదని బయం."

మాటలు తగ్గాయి. మాట్లాడితే దగ్గు వస్తోంది. తల బరువెక్కింది. నిద్ర ముంచుకొస్తోంది, అది మామూలు నిద్ర కాదని నాకు తెలుస్తూనే ఉంది. మా ఆయన ఏ డెక్ మీద ఉన్నాడో, అల్లం టీ చేతిలో పట్టుకొని మెట్ల దగ్గర ఎవరితో గొడవపడుతున్నాడో అనుకున్నాను. మా అమ్మకు ఈ ప్రయాణం సంగతే చెప్పలేదు, ఓడంటే గాభరా పడుతుందని. ఆంటీ కళ్ళు మూతలు పడుతుంటే భుజం కుదిపాను.

"ఆంటీ, మీ అవ్వ పేరేంటి? చెప్పండి. పడుకోకండి."

ఆవిడ చెప్పారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ చెప్పారు. ఆ తర్వాత నన్ను అడిగారు. ఒకరికొకరం మా వంశంలో ఆడవాళ్ళందరి పేర్లూ చెప్పుకున్నాం. చెప్పేవాళ్ళకు కొన్ని పేర్లు అప్పటికప్పుడు గుర్తొచ్చాయి.

తలుపు మీద దెబ్బ పడింది. నేను ఈల ఊదాననుకున్నాను గానీ గాలి రాలేదు. ఆంటీ కర్రతో కొట్టారు. తలుపు తెరుచుకొని, పొగతో పాటు ఇద్దరు మనుషులు లోపలికొచ్చారు. ముఖాలకు మాస్కులు, వీపున గాలి సిలిండర్లు, చేతుల్లో టార్చిలు. దెయ్యాల్లా ఉన్నారు. అంత అందమైన దెయ్యాల్ని నేను చూడలేదు. మా తలలకు సంచుల్లాంటి ముసుగులు తొడిగారు. వాటిలో గాలి ఉంది. మొదటి ఊపిరికే నా ఛాతీ మండింది. ఆంటీని దుప్పట్లో పడుకోబెట్టి ఇద్దరూ చెరోవైపు ఎత్తారు. ముందున్నతను నా చేతిని తన సిలిండరు పట్టీకి తగిలించి, వదలొద్దని సైగ చేశాడు.

ఆ నడవా ఎంత పొడుగుందో నాకు తెలీదు. ఏమీ కనపడలేదు. ముసుగులో నా ఊపిరి నాకే రంపంలా వినబడింది. కాళ్ళ కింద కార్పెట్ తడిగా, వేడిగా ఉంది. ఒకచోట ఆగిపోయాం. వాళ్ళు దారి మార్చుకుంటున్నారని, ముందున్న మెట్లు పనికిరావని నాకప్పుడు తెలీదు. ఇక్కడే ఇక, అనుకున్నాను. మళ్ళీ కదిలాం. ఇనప మెట్లు. పనివాళ్ళు వాడే ఇరుకు మెట్లు. ఆంటీని నిటారుగా పట్టుకొని ఎక్కిస్తుంటే, ముసుగులోంచే ఆవిడ "మెల్లగ, మెల్లగ" అనడం వినిపించింది.

పైన తలుపు తెరిచేసరికి వెలుగు. ఇంకా సాయంత్రం కూడా కాలేదు. కింద మేం గడిపింది ఒక రాత్రంత ఉంటుందనుకున్నాను. సముద్రం మామూలుగా, నీలంగా, మాతో తనకేం సంబంధం లేనట్టు మెరుస్తోంది.

అయిపోయిందనుకుంటే కాలేదు. మా వైపు లైఫ్ బోటు మూతపడిన పెట్టెలా ఉంది. లోపల జనం మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నారు. మా ఆయన కోసం వెతకాలి, ఎక్కనన్నాను. ఒక అధికారిణి నా భుజాలు పట్టి, "అవతలి వైపు పడవల్లో ఉండుంటాడు. ఇప్పుడు వెతకడానికి వీల్లేదు" అని లోపలికి తోసింది. తలుపు మూశారు. పడవ తాళ్ళ మీద జర్రున దిగి నీళ్ళను గుద్దింది. ఆ ఇరుకులో వేడి, డీజిల్ కంపు, పిల్లల ఏడుపు, ఒకరిని చూసి ఒకరు వాంతులు. నాకు మళ్ళీ అదే గది గుర్తొచ్చి తలుపు బాదాను. ఆంటీ నా పక్కనే ఉన్నారు. నా తల తన భుజానికి అదుముకొని, "ఇది ఊగుతోంది అమ్మీ. ఊగుతోందంటే తేలుతోంది" అన్నారు.

దగ్గర్లో వెళ్తున్న ఒక సరుకుల ఓడ మా ఓడ పిలుపు విని దారి మళ్ళి వచ్చింది. దాని పక్క నుంచి తాళ్ళ నిచ్చెన వేశారు. నేను కళ్ళు మూసుకొని ఎక్కాను. ఆంటీని తాళ్ళ వలలో కూర్చోబెట్టి పైకి లాగారు. గాలిలో తిరుగుతూ వెళ్తూ కూడా ఆవిడ ఊతకర్ర వదల్లేదు. ఆ ఓడ డెక్ మీద ఇనప పెట్టెల వరసల మధ్య జనం కూలబడి ఉన్నారు. నేను ప్రతి ముఖం చూసుకుంటూ నడుస్తుంటే, వెనక నుంచి నా పేరు పిలిచిన గొంతు గుర్తుపట్టలేకపోయాను. అరిచి అరిచి అది పీలికలైపోయింది. మా ఆయన చొక్కా చేయి చిరిగి ఉంది. కిందికి దిగబోతుంటే నలుగురు పట్టి ఆపారట. బయటివాళ్ళతో ఎన్నడూ గొంతు పెంచని మనిషి.

"కిందికి పోనివ్వలేదు. ఎంత చెప్పినా పోనివ్వలేదు" అదే అంటున్నాడు. "వై డిడ్ ఐ లీవ్ యూ దేర్, ఎందుకు వదిలెళ్ళాను..."

"ఆంటీ ఉన్నారు" అన్నాను.

మంటలు మొదలైంది ఎంజిన్ గదిలో. కాలిన గాయాలైన ఇద్దరు పనివాళ్ళను హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్ళింది. ఇద్దరూ బతికారని పేపర్లో చదివాను. ఓడ మునగలేదు. టగ్గు పడవలతో లాక్కెళ్ళారు. మమ్మల్ని బ్రిస్బేన్ రేవులో దింపారు. దుప్పట్లు, టీ, టీవీ వాళ్ళు. ఆంటీ కొడుకు సిడ్నీ నుంచి వచ్చాడు. ఆరడుగుల మనిషి, "మమ్, ఆర్ యూ ఓకే, మమ్" అంటూ ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. ఆవిడ తెలుగులోనే జవాబు చెప్పారు. అతనికి అర్థమైంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇచ్చాడు.

ఇంటికొచ్చాక చాలాకాలం నేను తలుపు మూసి స్నానం చేయలేకపోయాను. ఇంటర్వ్యూలకు వెళ్ళిన చోట్ల లిఫ్టు ఎక్కలేక, మెట్లెక్కి ఆయాసంతో కుర్చీలో కూలబడేదాన్ని. వీసా గడువు దగ్గరపడే ముందు మెల్‌బోర్న్‌లో ఒక బ్యాంకులో టెస్టింగ్ పని దొరికింది. ఇంటర్వ్యూ గదికి కిటికీ లేదు. తలుపు తెరిచి ఉంచమని అడిగాను. ఎందుకని అడిగిన పెద్దాయనకు చెప్పాను. ఆయన లేచి తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, ప్రశ్నలు అడిగాడు.

ఆ ఏడాదే ఫిజీలో మళ్ళీ గొడవలయ్యాయి. ఆంటీ అప్పుడు వెళ్ళలేకపోయారు. మరో రెండేళ్ళకు, విమానం ఎక్కే ముందు నాకు ఫోన్ చేసి, "రెక్క పక్క కూకోమంటావా, తలుపు పక్కనా?" అని అడిగారు. తలుపు పక్కన అన్నాను. ఫిజీలో దిగాక లౌతోకా అనే ఊరి నుంచి మళ్ళీ చేశారు.

"ఇల్లు లేదమ్మీ. ఆ జాగాలో కూడా సెరకే ఏసేరు. గట్టు మీద కుర్సీ ఏయించుకొని పొద్దుగూకేదాకా కూకున్నా."

"బాధేసిందా ఆంటీ?"

"ఎందుకు? గాలి బాగుంది" అన్నారు.